“ఒకటి రెండు చోట్ల” అంటే మా చేనేనా?



అక్టోబరు మొదటి వారం. హస్త కార్తె నడుస్తోంది. తొమ్మిదో తరగతిలో వాయుపీడనం పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. “సార్! వేరుశనగ పీకాలా వద్దా అని మా నాయన రెండు దినాల నుంచి ఆలోచిస్తా ఉన్నాడు. ఎల్లుండి రాయలసీమలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలని రేడియోలో చెప్పినారు. ఆ రెండు చోట్లలో మా చేను ఉందా సార్?”

తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పీకి ఆరబెట్టిన కట్టె తడిస్తే కాయ నల్లబడి బూజు పడుతుంది, పశువుల మేత కుళ్లిపోతుంది. పీకకుండా వదిలేస్తే ముదిరిన కాయ నేలలోనే మొలకెత్తవచ్చు. ఒక కుటుంబం పంటకాలమంతా పడిన కష్టం ఆ ప్రశ్నలో ఉంది. దానికి జవాబు వెదుకుదాం.

ఈ రోజుల్లో వాన తీరు

సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖను దాటి దక్షిణానికి మళ్లుతాడు. ఉత్తర భారతంలో నేల క్రమంగా చల్లబడుతుంది. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు 15 నాటికి దేశమంతటి నుంచీ వైదొలగుతాయి. ఆ తరువాత ఈశాన్యం నుంచి వీచే గాలులు బంగాళాఖాతం మీద తేమను నింపుకొని కోస్తా ఆంధ్రకు, రాయలసీమకు, తమిళనాడుకు వానలు తెస్తాయి.

అంటే అక్టోబరు మొదట్లో ఒక గాలి పోతూ ఉంటుంది, రెండోది ఇంకా కుదురుకోదు. నేల చల్లబడుతున్నా సముద్రం వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చని నీటి మీద అల్పపీడనం ఏర్పడితే వారం రోజుల అంచనా అంతా మారిపోతుంది.

సూచన ఎలా తయారవుతుంది?

రోజూ తెల్లవారి 5.30కు, సాయంత్రం 5.30కు వాతావరణ కేంద్రాల్లో వాయువు నింపిన బెలూన్లను ఎగరవేస్తారు. అవి పై గాలుల పీడనం, ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపుతాయి. ఇన్సాట్ ఉపగ్రహాలు మేఘాలను చూస్తాయి. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల ఉన్న రాడార్లు వానను పసిగడతాయి. ఈ కొలతలన్నిటినీ కంప్యూటర్లకు ఇచ్చి, భౌతికశాస్త్ర సూత్రాలతో రేపటి గాలిని లెక్కగడతారు.

మరి ఏడో రోజు సూచన రెండో రోజంత గట్టిగా ఎందుకు ఉండదు? 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కంప్యూటరులో వాతావరణపు లెక్క ఒకటి మళ్లీ చేస్తూ 0.506127కు బదులు 0.506 అని వేశాడు. తేడా ఎంత? వెయ్యో వంతు కూడా లేదు! అయినా లెక్క సాగేకొద్దీ ఫలితం మొదటిదానికి పూర్తిగా వేరైపోయింది. మన కొలతల్లో ఉండే చిన్న లోపాలు కూడా ఇలాగే రోజురోజుకూ పెరుగుతాయి.

ఇంకొక సంగతి. తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. ఉరుముల మేఘం కొన్ని కిలోమీటర్లే ఉంటుంది, గంటల్లో పుట్టి గంటల్లో కరిగిపోతుంది. 2014 అక్టోబరు 8న తుఫానుగా మారిన హుద్‌హుద్ 12న విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అంత పెద్దదాని దారిని ముందుగా లెక్కగట్టి ప్రజలను హెచ్చరించగలిగారు. ఒక మేఘం ఏ చేను మీద కురుస్తుందో మాత్రం ముందురోజు కూడా చెప్పలేం.

మాటలకు కొలతలు

సూచనలోని మాటలు అలవోకగా అన్నవి కావు. “ఒకటి రెండు చోట్ల” అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నూటికి 25కు మించకుండా అని అర్థం. “కొన్ని చోట్ల” అంటే 26 నుంచి 50 వరకు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే భారీ వర్షం. 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. రంగులకూ అర్థముంది. పసుపు “గమనిస్తూ ఉండండి” అంటుంది, నారింజ “సిద్ధంగా ఉండండి” అంటుంది, ఎరుపు “వెంటనే జాగ్రత్త పడండి” అంటుంది.

కుర్రవాడికి ఇదంతా చెప్పి, “మీ చేను ఉందో లేదో ఎవరూ చెప్పలేరు నాయనా! కుప్ప వేసి పట్టా కప్పుకోగలిగినంతే పీకమను. రోజూ పొద్దున కొత్త సూచన విను” అన్నాను. నాలుగు రోజుల తరువాత వచ్చి, “మా చేలో చినుకులే పడినాయి సార్. పక్క ఊళ్లో వంక పారింది” అన్నాడు. సూచన తప్పిందా? లేదు. ఆ “ఒకటి రెండు చోట్ల”లో పక్క ఊరు ఉంది, అంతే!

మీరూ చేసి చూడండి

నిటారు గోడలు, సమతలమైన అడుగు ఉన్న డబ్బాను చెట్లకూ గోడలకూ దూరంగా, ఒరగకుండా ఆరుబయట ఉంచండి. రోజూ ఉదయం 8.30కు అందులోని నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి పారబోయండి. నోటు పుస్తకంలో ఒకవైపు ఆ వారం సూచన, రెండోవైపు మీ కొలత రాయండి. ఎన్నో రోజు నుంచి రెండూ విడిపోతున్నాయో గమనించండి. ఆ పుస్తకం ఇంట్లో పెద్దలకు చూపించండి. చేలో పని పెట్టుకునే ముందు అది వాళ్లకు పనికొస్తుంది.