పెట్రోల్ లీడరైన మనవరాలికి

రాజమహేంద్రవరం

అమ్మడూ,

నిన్ను పెట్రోల్ లీడర్ని చేశారని, వచ్చేవారం తృతీయ సోపాన్ క్యాంపుకి వెళ్తున్నావని తెలిసిన దగ్గర్నుంచీ నా కాలు ఒకచోట నిలవడంలేదు. పొద్దున్నే పాలు పోసే అబ్బాయికి చెప్పాను, పక్కింటి పిన్నిగారిని గోడ దగ్గరికి పిలిచి మరీ చెప్పాను, మీ తాతయ్యకైతే ఎన్నిసార్లు చెప్పానో, పాపం ఆయన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు వింటున్నారు. బళ్లో గైడ్ కెప్టెన్‌గా ఉన్నన్నాళ్లూ ఎంతమంది ఆడపిల్లల మెడలో స్కార్ఫు వేశానో, ఎంతమంది చేత మూడువేళ్లు ఎత్తించి ప్రతిజ్ఞ చేయించానో! వాళ్లందరూ నా పిల్లలే. అయినా నా కూతురి కడుపున పుట్టిన పిల్ల ఆ స్కార్ఫు కట్టుకుని, విజిలు పట్టుకుని, తన పెట్రోల్ ముందు నిలబడుతుందంటే కళ్లు చెమ్మగిల్లకుండా ఎలా ఉంటాయి చెప్పు.

అయితే ఫోన్లో నువ్వన్న ఒక్క మాట నన్ను పట్టుకుని వదలడంలేదు. మీ పెట్రోల్లోకి ఒక కొత్తపిల్ల వచ్చిందనీ, ఏడాది మధ్యలో బడి మారి వచ్చిందనీ, రీఫ్ నాట్ వెయ్యమంటే తాడు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోతుందనీ, "ఆ అమ్మాయి వల్ల మా పాయింట్లు పోతాయి అమ్మమ్మా, మేడంని అడిగి వేరే పెట్రోల్లోకి పంపించేస్తా" అనీ అన్నావు. నీ మనసు నాకు తెలియనిదా, వీధిలో కుక్కపిల్ల కాలు విరిగితే అన్నం మానేసి కూర్చున్న పిల్లవి. పాయింట్ల ధ్యాసలో అనేశావు, అంతే. కానీ ఆ పిల్లని నేను చూడకపోయినా నా కళ్లముందే తిరుగుతోంది. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకని ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఆ పిల్ల సంగతికి వచ్చేముందు మన స్కౌట్స్, గైడ్స్ ఉద్యమం కథ ఒకసారి గుర్తుచేస్తాను, నీకు పరీక్షకి చదివించే ఉంటారు. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులో బ్రౌన్‌సీ దీవిలో ఓ ఇరవైమంది కుర్రాళ్లతో మొదటి క్యాంపు పెట్టడం, మరుసటేడు పుస్తకం రాయడం, అవన్నీ గడగడా చెప్పేస్తావు. ఆ ఇరవైమందిలో పెద్ద పెద్ద బళ్లలో చదివే జమీందారీ బిడ్డలూ ఉన్నారు, కాయకష్టం చేసుకునే ఇళ్ల పిల్లలూ ఉన్నారు, అందర్నీ కలిపి పెట్రోల్స్‌గా చేశాడాయన. ఆ కాలపు ఇంగ్లండులో అది చిన్న సంగతి కాదు, నాకు మొత్తం కథలో అదే ఇష్టం. ఆ తర్వాత 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర అబ్బాయిల ర్యాలీ జరుగుతుంటే, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు స్కౌట్ టోపీలు పెట్టుకుని వచ్చేసి, మాకూ ఏదో ఒకటి కావాలని నిలబడ్డారు. దాంతో మరుసటేడు ఆయన చెల్లెలు ఆగ్నెస్ చేతుల మీదుగా గైడ్స్ మొదలైంది. ఆ పిల్లల్ని నేను తలుచుకోని రోజు ఉండేది కాదు, మా బళ్లో ఎవరైనా తల్లిదండ్రులు "ఆడపిల్లకి ఈ క్యాంపులెందుకండీ" అన్నప్పుడల్లా.

మనదేశానికి వచ్చేసరికి కథ ఇంకోలా నడిచింది. 1909లోనే బెంగళూరులో కెప్టెన్ బేకర్ మొదటి ట్రూపు పెట్టాడు, 1911లో జబల్‌పూర్‌లో గైడ్స్ మొదలయ్యాయి. కానీ అవి తెల్లవాళ్ల పిల్లలకీ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకీ మాత్రమే. మన పిల్లలకి అందులో చోటు లేదు. ఊరు మనది, మైదానం మనది, ఆ చెట్లూ మనవే, ఆ డేరాల దగ్గర మాత్రం మన పిల్లలకి ప్రవేశం లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపంకంటే బాధే ఎక్కువ, పదేళ్ల పిల్లాడికి ఆ మాట ఎవరు ఎలా చెప్పి ఉంటారా అని.

మనవాళ్లు అలిగి కూర్చోలేదు. 1913లో షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ వాజపేయి తనంతట తానే పిల్లల్ని పోగుచేసి ట్రూపు నడిపాడు. నాగపూర్ వైపు వివియన్ బోస్ గారు మన పిల్లలకి స్కౌటింగ్ నేర్పారు, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయింది ఆయనే. 1916లో మద్రాసులో అనీబిసెంటు, డెబ్బయ్యేళ్లకి దగ్గరపడిన మనిషి, అరండేల్ సాయంతో ఇండియన్ బాయ్ స్కౌట్స్ సంఘం పెట్టి మన పిల్లల నెత్తిన టోపీ బదులు తలపాగా కట్టించింది. అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్యా గారూ, హృదయనాథ్ కుంజ్రూ గారూ సేవాసమితి స్కౌట్లని తయారుచేశారు. మేళాలకొచ్చే యాత్రికులకి దారి చూపించడం, నీళ్లివ్వడం, తప్పిపోయినవాళ్లని చేర్చడం ఆ సేవాసమితి పని. మొన్న మొన్నటిదాకా నేను మా పిల్లలచేత గోదావరి గట్టున చేయించిన పనే! 1921లో బేడెన్ పవెల్ మనదేశం వచ్చినప్పుడు బిసెంటమ్మ సంఘం ఆయన సంఘంలో కలిసింది, సేవాసమితివాళ్లు కలవలేదు, 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం పుట్టింది. ఆ గొడవలన్నీ ఇప్పుడెందుకులే.

స్వతంత్రం వచ్చాక కూడా మనవాళ్లు వేరువేరు జెండాల కిందే ఉండిపోయారమ్మా. నెహ్రూ, ఆజాద్, మంగళ్‌దాస్ పక్వాసా పూనుకుని, కుంజ్రూ, వాజపేయి, బోస్ వంటి పెద్దలు సరేనని, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. మరుసటేడు ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ కూడా వచ్చి చేరారు. చాలా దేశాల్లో మగపిల్లలది ఒక సంఘం, ఆడపిల్లలది ఇంకో సంఘం, మనకి మాత్రం ఇద్దరూ ఒక్క ఇంటివాళ్లే. ఎవరు పెంచిన సంఘం పేరు వాళ్లకి కన్నబిడ్డంత ముద్దు కదా, ఆ పేరు వదులుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలి! కలిశాక తొలి జాతీయ జాంబోరీ 1953లో మన హైదరాబాదులోనే జరిగింది. 2023 జనవరిలో రాజస్థాన్‌లో రోహట్‌లో జరిగిన జాంబోరీని రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు ప్రారంభిస్తుంటే టీవీలో చూసి, ఆ పిల్లల వరుసల్లో నిన్ను వెతుక్కున్నాను, నువ్వు అప్పటికి గైడ్‌వి కూడా కావు.

నేను పచ్‌మఢీ ట్రైనింగుకి వెళ్లిన సంగతి నీకు చెప్పానా? మన జాతీయ శిక్షణ కేంద్రం అక్కడే ఉంది, మధ్యప్రదేశ్ కొండల్లో. పిపరియా స్టేషన్లో దిగి ఘాట్ రోడ్డున బస్సెక్కాలి. హిమాలయ వుడ్ బ్యాడ్జ్ కోర్సంటే టీచర్లనైనా పిల్లల్లాగే పెట్రోల్స్‌గా విడగొడతారు, నీళ్లు మొయ్యాలి, గుంట తవ్వాలి, పొయ్యి రాజెయ్యాలి. నాకు హిందీ అంతంతమాత్రం. ఇన్‌స్ట్రక్టరు చెప్పింది అందరికీ అర్థమై పరిగెడుతుంటే నేను మొహాలు చూస్తూ ఉండేదాన్ని. ఆ పెట్రోల్లో నీ కొత్తపిల్లని నేనే అమ్మడూ. మా లీడరు ఒక పంజాబీ టీచరమ్మ. రాత్రి భోజనాలయ్యాక అందరూ దుప్పట్లు కప్పుకుంటే, ఆవిడ లాంతరు తెచ్చి నా పక్కన కూర్చుని, ఆరోజు పాఠం చేతులతో చూపిస్తూ, ఒక్కో ముక్కా మెల్లగా చెప్పేది. ఎవరికీ చెప్పుకోలేదు, నాకు ఉపకారం చేస్తున్నట్టూ కనపడలేదు. ఇన్నేళ్లకీ క్లవ్ హిచ్ వేస్తే నాకు ఆవిడ గాజులే గుర్తొస్తాయి.

అలాంటిదే ఇంకో పిల్ల మా బళ్లో ఉండేది. ముళ్లు రావు, పాట రాదు, డ్రిల్లులో కుడి అంటే ఎడమ తిరిగేది. ఒక్క కిమ్స్ గేమ్‌లో మాత్రం దాన్ని కొట్టేవాళ్లు లేరు. బల్లమీద ఓ ఇరవై వస్తువులు పెట్టి, నిమిషం చూపించి, గుడ్డ కప్పేస్తే, సూదిలో దారం రంగుతో సహా చెప్పేది. 2003 గోదావరి పుష్కరాల్లో కోటిలింగాల రేవు దగ్గర మా పిల్లలకి డ్యూటీ. ఒక ముసలమ్మ తప్పిపోయి, తడిచీరతో, చేతిలో గుడ్డసంచితో వణుకుతూ వచ్చింది. మైకులో చెబుదామంటే పేరు సూరమ్మ అంది, అంతే. మొగుడి పేరు అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆ కాలపువాళ్లు చచ్చినా మొగుడి పేరు చెప్పరు కదా. కొడుకు పేరు పెద్దోడు. ఊరు ఏదంటే మా ఊరే అని ఏడుపు. తెలివైన పిల్లలందరూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే ఆవిడ ఇంకా బెదిరిపోతోంది. ఈ పిల్ల మాత్రం ఏమీ అడగలేదు. తన స్కార్ఫు విప్పి ఆవిడ తల తుడిచింది, మజ్జిగ తెచ్చి తాగించింది, తర్వాత నా దగ్గరికొచ్చి, "టీచర్, ఆ సంచి మీద మండపేట బట్టలకొట్టు పేరుంది" అంది. మండపేట నుంచి వచ్చిన సూరమ్మ గారి పెద్దబ్బాయి ఎక్కడున్నా రావాలని మైకులో చెప్పించాం. కాసేపటికి లుంగీ ఎగ్గట్టుకుని ఒకాయన పరిగెత్తుకొచ్చి, వాళ్లమ్మని పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఈ పిల్ల అప్పటికే వెళ్లి, తన తాడు దగ్గర తన చోట్లో నిలబడి ఉంది. ఆరోజు పని లాగ్ బుక్కులో కూడా రాసుకోలేదు, నేనే రాశాను.

ఆ పిల్లని ఎవరైనా పెట్రోల్ లీడరు ముందే తీసి పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేదా అని నాకు ఇప్పటికీ గుండె జలదరిస్తుంది. గైడ్ అందరికీ స్నేహితురాలు, తోటి గైడ్‌కి తోబుట్టువు అని మన నియమాల్లో ఉందిగా, దాన్ని నువ్వు వల్లె వేస్తుంటే విని నేను మురిసిపోయాను కూడా. ఒకప్పుడు మన పిల్లల్ని బయట నిలబెట్టిన డేరా ఇది. ఇప్పుడు ఆ డేరా తాళ్లు నీ చేతిలో ఉన్నాయి తల్లీ.

క్యాంపులో వెదురు కర్రలతో గాడ్జెట్లు కట్టిస్తారు, చెప్పుల స్టాండూ, పళ్లేల స్టాండూ. స్క్వేర్ లాషింగ్‌కి కర్ర కదలకుండా ఒకరు పట్టుకోవాలి, ఒకరు తాడు చుట్టాలి. మొదట ఆ పిల్ల చేత కర్ర పట్టించు, నువ్వు చుట్టు, ఆ తర్వాత నువ్వు పట్టుకుని దానిచేత చుట్టించు, వంకరగా వచ్చినా విప్పెయ్యకు. గిన్నెల్లేకుండా వంట చేసే రోజున నిప్పుల్లో బంగాళాదుంపలు కాల్చే పని దానికి ఇవ్వు, అది ఎవరికైనా వస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. రీఫ్ నాట్ మాత్రం నలుగురి ముందూ నేర్పకు, పడుకునే ముందు నేర్పు, కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి, చేత్తో చేత్తో. పొద్దున్నే స్కార్ఫు చివర ముడి వేసుకుని ఆరోజు మంచిపని చేశాక విప్పుకోమని బేడెన్ పవెల్ చెప్పారు, ఆ అలవాటు ఇప్పుడు పిల్లల్లో పోయింది, నువ్వు మొదలుపెడితే చూడాలని ఉంది.

ఇంక నా బెంగలు. సాక్సులు రెండు జతలు ఎక్కువ పెట్టుకో, తడిసినవి వేసుకుని తిరగకు. టార్చిలో కొత్త బ్యాటరీలు వెయ్యి. కొబ్బరినూనె సీసా మూత బిగించి, కవర్లో చుట్టి పెట్టు, పోయినసారి యూనిఫారమంతా ఏమైందో మీ అమ్మ చెప్పింది. క్యాంప్ ఫైర్ దగ్గర పాటలు పాడి పాడి గొంతు పోగొట్టుకోకు, నీకు టాన్సిల్స్ ఉన్నాయి. రాత్రి ఎవరైనా పిల్ల ఇంటిమీద బెంగతో ముసుగులో ఏడిస్తే, లైటు వెయ్యకుండా పక్కన చేరు.

ఫోన్లో అంతసేపు చెప్పావు గానీ ఆ కొత్తపిల్ల పేరేమిటో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. పేరు, ఊరు, ఏ కూర ఇష్టమో కనుక్కుని రాయి. సంక్రాంతి సెలవులకి వాళ్లమ్మానాన్న ఒప్పుకుంటే నీతోపాటు తీసుకురా, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తాను, తాతయ్య మీ ఇద్దర్నీ లాంచీ ఎక్కిస్తానంటున్నారు.

నీ
అమ్మమ్మ