కంతులన్నీ కట్టాక బాకీ ఎక్కడిది?

ప్రశ్న: బండి అప్పు కంతులన్నీ కట్టేసి మూడేండ్లయింది. ఇప్పుడు మగ్గాల షెడ్డు కోసం బ్యాంకుకు పోతే సిబిల్‌లో బాకీ ఉందంటున్నారు. నేను ఎవరికీ రూపాయి ఎగ్గొట్టినవాణ్ని కాదు. ఏం చేయాల?
- ఒక నేత కార్మికుడు, జమ్మలమడుగు

జవాబు: ముందు మీ బండి ఆర్‌సీ తీసి చూడండి. దానిమీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉందా? ఉంటే అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ తెచ్చి మీరు ఆ పేరు కొట్టేయించుకోలేదన్నమాట. ఇలాంటి కేసుల్లో తరచూ జరిగేది ఒకటే. ఏదో ఒక నెల ఖాతాలో డబ్బు లేక కంతు బౌన్స్ అవుతుంది. తర్వాత కంతు కడతారు గాని, దానిమీద పడిన బౌన్స్ చార్జీ కట్టరు. ఆ కొన్ని వందలే ఏండ్ల తరబడి బాకీగా కూర్చుంటాయి.

సిబిల్ అంటే మన అప్పుల లెక్క రాసి ఉంచే సంస్థ. దాని రిపోర్టు తీసి ఆ బాకీ పద్దు ఎవరిదో, ఎంతో చూడండి. నిజంగా ఉంటే కట్టి ఎన్ఓసీ తీసుకోండి. తప్పయితే సిబిల్ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి, పైసా ఖర్చు లేదు. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీకివ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

అప్పు తీరిందని మనం అనుకుంటే చాలదు, రాతలో తీరాలి. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో ఊరూరా కంతులు ఆగిపోయాయి. ఆర్డినెన్స్ వసూళ్ల దౌర్జన్యానికి కళ్లెం వేసింది గాని అప్పును రద్దు చేయలేదు. రద్దయిందని నమ్మి నిమ్మళంగా ఉన్న, ఆ అప్పులు తీసుకున్న ఆడవాళ్లు ఎగవేతదారుల్లో చేరిపోయారు. వాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఇలా లెక్క రాసేది సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా మీ లెక్క మీ కళ్ల ముందే ఉంటుంది.

ప్రశ్న: మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు పడిపోతుందట కదా?
- బట్టల వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: పడదు, అప్పు కోసం నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెడితే పడుతుంది.

ప్రశ్న: మా బామ్మర్ది చీనీతోటకు అప్పు తీసుకుంటూ నన్ను హామీ ఉండమంటున్నాడు. సంతకమే కదా, పెట్టొచ్చా?
- ఒక రైతు, పులివెందుల

జవాబు: సంతకమే కదా అనకండి. చట్టం దృష్టిలో అప్పు తీసుకున్నవాడెంతో హామీ ఉన్నవాడూ అంతే. ఆయన కంతు తప్పితే ఆ మచ్చ మీ రిపోర్టులోనూ పడుతుంది, రేపు మీ పంట రుణానికి అడ్డమొస్తుంది. ముందు ఆయన రిపోర్టు చూపించమని అడగండి. అడిగితే చెడిపోయే బంధుత్వం, కంతు తప్పినప్పుడు అంతకన్నా ఘోరంగా చెడుతుంది. చూశాక కూడా పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ ఆ అప్పు మూసేదాకా మీ రిపోర్టులో దాని పద్దు చూస్తూనే ఉండండి.