సామాను రవాణా బీమా: అమ్మకం వైపు కాదు, క్లెయిమ్ వైపు చూడండి

ఇల్లు మారేవాళ్లకు ప్యాకర్స్ అండ్ మూవర్స్ ఇచ్చే కొటేషన్‌లో కిరాయి, ప్యాకింగ్, ఎత్తుడు దించుడు కూలీతో పాటు 'ఇన్సూరెన్స్' అని ఇంకో పద్దు ఉంటుంది. సామాను విలువలో ఇంత శాతం అని వేస్తారు. కొన్ని సంస్థలు బీమా కంపెనీ దగ్గర ఓపెన్ పాలసీ తీసుకుని, ఆ సొమ్ముకు మన సామాను మీద సర్టిఫికెట్ ఇప్పిస్తాయి. మరికొన్ని దాన్నే 'ఎఫ్‌ఓవీ' కింద జమ చేసుకుంటాయి. అది రవాణాదారు పూచీకి తీసుకునే అదనపు చార్జీ. దాని వెనక ఏ బీమా కంపెనీ ఉండదు. ఈ తేడా చాలామందికి ఫ్రిజ్ సొట్టపడి వచ్చిన రోజునే తెలుస్తుంది.

బీమా ఉద్యోగం అనగానే మన విద్యార్థులకు పాలసీలు అమ్మే ఏజెంటే గుర్తుకొస్తాడు. నష్టం జరిగాక ఎవరు ఎంత చెల్లించాలో తేల్చే పని ఒకటుందని, దానికి చదువూ లైసెన్సూ ఉన్నాయని కాలేజీల్లో చెప్పేవారు తక్కువ. డిగ్రీ, ఇంజినీరింగ్ చదివి, కాగితం ఓపిగ్గా చదవగలిగినవాళ్లు ఈ వైపు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ముందుగా చట్టం తెలియాలి. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పంపేవారు ఎక్కువ విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే, రవాణాదారు బాధ్యతను నిబంధనలు సాధారణంగా కిరాయికి పది రెట్ల దగ్గర ఆపేస్తాయి. హైదరాబాద్ నుంచి పుణెకు 30 వేల కిరాయికి 8 లక్షల సామాను వెళ్తోందనుకుందాం. దారిలో లారీ కాలిపోతే ఈ లెక్కన వచ్చేది 3 లక్షలు. పైగా రవాణాదారు మీద దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. ఈ గడువు దాటిపోయి హక్కు పోగొట్టుకునేవారిని తలచుకుంటే బాధేస్తుంది.

రెండోది పాలసీ. దేశంలో రోడ్డు మీదో రైల్లోనో వెళ్లే సరుకుకు ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజులు మూడున్నాయి. 'సి'లో అగ్నిప్రమాదం, పిడుగుపాటు మాత్రమే వస్తాయి. 'బి'లో వాటితో పాటు వాహనం ఢీకొనడం, బోల్తా పడటం, వంతెన కూలడం వంటివి చేరతాయి. 'ఎ'లో మినహాయించినవి తప్ప అన్నీ వస్తాయి. ఆ మినహాయింపుల్లో సరిగా లేని ప్యాకింగ్ ఒకటి. గాజు సామాను కేసుల్లో గొడవంతా దాని చుట్టూనే. మూవర్ తన కోసం తీసుకునే 'క్యారియర్స్ లీగల్ లయబిలిటీ' పాలసీ వేరు. చట్టప్రకారం అతను చెల్లించాల్సిన మేరకే అది పనికొస్తుంది. సామాను యజమానికి పరిహారమిచ్చిన బీమా కంపెనీ ఆ సొమ్మును రవాణాదారు నుంచి రాబట్టుకోవచ్చు. దీన్ని సబ్రొగేషన్ అంటారు. 2010లో చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీని మీద ఇచ్చిన తీర్పును ఈ రంగంలోకి రావాలనుకునేవారు తప్పక చదవాలి.

నష్టాన్ని అంచనా కట్టేది సర్వేయర్. లైసెన్సు ఇచ్చే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌లోనే ఉంది. ఇంజినీరింగ్, సీఏ, కాస్ట్ అకౌంటెన్సీ, లేదా ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వారి అసోసియేట్‌షిప్ వంటి అర్హతలు పనికొస్తాయి. పేరు నమోదు చేసుకుని, లైసెన్సున్న సర్వేయర్ దగ్గర 12 నెలలు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గాలి. విభాగాల్లో మెరైన్ కార్గోను ఎంచుకోండి. పేరు సముద్రానిదైనా లారీ సరుకు కూడా అందులోకే వస్తుంది.

ఈ పని బల్ల దగ్గర కూర్చుని అయ్యేది కాదు. గోదాముకెళ్లి డబ్బా విప్పి చూడాలి. వస్తువు మీద కనిపించే గీత ప్యాకింగ్ లిస్టులో ముందే రాసి ఉందా, పాలసీ లోడింగ్‌కు ముందే మొదలైందా, సామాను దించుకునేటప్పుడు ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద రిమార్కు రాయించారా అని ఒక్కొక్కటీ సరిచూడాలి. డ్రైవర్‌తో హిందీలో, ఇంటావిడతో తెలుగులో మాట్లాడి, రిపోర్టు ఇంగ్లిష్‌లో రాయాలి. ఫీజు ఇచ్చేది బీమా కంపెనీయే అయినా మాట ఎటూ ఒరగకూడదు.

సర్వేయర్ లైసెన్సు వద్దనుకుంటే బ్రోకింగ్ సంస్థల్లో, పెద్ద లాజిస్టిక్స్ కంపెనీల క్లెయిమ్స్ విభాగాల్లో చోటుంటుంది. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా వంటి ప్రభుత్వ సంస్థల అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ పరీక్షలూ ఉన్నాయి.

చదువుకుంటుండగానే దగ్గర్లోని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకెళ్లి ఎల్‌ఆర్ వెనక అచ్చేసిన షరతులు అడిగి చదవండి. తర్వాత ఈ లెక్క చేసి చూడండి: 8 లక్షల సామానుకు 4 లక్షలకే పాలసీ ఉంది, 60 వేల టీవీ పగిలింది. తక్కువ విలువకు బీమా చేయించిన మేరకు నష్టాన్ని యజమానే భరించాలనే షరతు ఆ పాలసీలో ఉంటే, వచ్చేది 30 వేలే. అది ఎలా వచ్చిందో పాలసీదారుకు అర్థమయ్యేలా అరపేజీలో రాయండి.