దూలగొండి గింజలోనూ అదే మందు, మరి బిళ్ళ ఎందుకు?

దూలగొండి తెలియని పల్నాటి పిల్లలు ఉండరు. మా మాచవరం వైపు కంచెల మీద, సర్కారు తుమ్మల మీద పాకుతుంటుంది. ఊదారంగు పూలు, వంకర కాయలు, కాయ నిండా బంగారు రంగు నూగు. ఆ నూగు చేతికి తగిలిందా, ఇక సాయంత్రం దాకా గోక్కోవటమే. కొన్నిచోట్ల దురదగొండి అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు కపికచ్ఛు, అంటే కోతి దురద అన్నమాట.

ఈ తీగ గింజలో, ఎండు బరువులో సుమారు 4 నుంచి 6 శాతం దాకా లెవోడోపా అనే పదార్థం ఉంటుంది. పార్కిన్సన్ జబ్బుకి ప్రపంచమంతా వాడే మందు కూడా లెవోడోపానే. పోలిక కాదు, అణువు అదే. దూలగొండి గింజల్లోంచి దాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు విడదీశారు. అప్పటికి అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలీదు. ఇంకా ముందు, 1913లో, స్విట్జర్లాండ్‌లో గుగెన్‌హైమ్ అనే ఆయన చిక్కుడు జాతి గింజల్లోంచి దీన్నే తీసి, రెండున్నర గ్రాములు తానే మింగి చూశాడు. వాంతులు చేసుకున్నాడు. ఆ వాంతుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ముందు జబ్బు గురించి క్లుప్తంగా. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీని గురించి రాశాడు. మనవాళ్ళు కంపవాతం అంటారు. మధ్య మెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగంలోని కణాలు డోపమైన్ తయారుచేస్తాయి. ఆ కణాలు ఏళ్ళ తరబడి మెల్లగా చచ్చిపోతూ వస్తాయి. నడక నెమ్మదించి, చెయ్యి వణికి, "ఏదో తేడాగా ఉందే" అని ఇంట్లోవాళ్ళు అనుకునేసరికి సగమో అంతకన్నా ఎక్కువో పోయి ఉంటాయి. వణుకు ఒక్కటే చూసి పార్కిన్సన్ అనుకోకూడదు. గ్లాసు ఎత్తేటప్పుడే చెయ్యి వణికితే అది ఎక్కువసార్లు వేరే జబ్బు, దాని మందులు వేరు. పార్కిన్సన్ వణుకు చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కనిపిస్తుంది. కొందరికి వణుకే ఉండదు. ఒళ్ళు బిగుసుకుపోవటం, చేతిరాత చిన్నదైపోవటం, వాసన తెలియకపోవటం ఉంటాయి. మా వైపు వీటన్నిటికీ ఒకటే మాట: "వయసు మీద పడింది."

1957లో స్వీడన్‌లో ఆర్విద్ కార్ల్‌సన్ కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చాడు. అవి కదలకుండా పడిపోయాయి. లెవోడోపా ఇస్తే లేచి తిరిగాయి. ఇందుకు 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది. నాకు నచ్చిన సంగతేంటంటే ఆ రిసర్పిన్ మన సర్పగంధి వేరులోంచి వచ్చిందే. పడేసిన మందూ ఇక్కడి చెట్టుదే, లేపిన మందూ ఇక్కడి తీగలో ఉన్నదే.

డోపమైన్ తక్కువైతే డోపమైనే ఇవ్వచ్చు కదా అని అడగొచ్చు. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గోడ ఉంది, డోపమైన్‌ని అది లోపలికి రానివ్వదు. లెవోడోపా మాత్రం అమైనో ఆమ్లం కాబట్టి, తిండిలోంచి వచ్చే అమైనో ఆమ్లాల గేటు గుండా లోపలికి వెళ్ళి, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. చిక్కేమిటంటే ఎక్కువ భాగం దారిలోనే, రక్తంలోనూ పేగుల్లోనూ, డోపమైన్‌గా మారిపోతుంది. వాంతి అందుకే. అందుకని బిళ్ళలో కార్బిడోపా అని ఇంకొకటి కలిపారు. అది మెదడులోకి పోదు, బయట జరిగే మార్పుని మాత్రం ఆపుతుంది. సిండోపా లాంటి అట్టల మీద 100, 25 అని రాసి ఉండేది ఈ రెంటి మిల్లీగ్రాములే. దూలగొండి గింజలో కార్బిడోపా లేదు.

మా తాతయ్యకి ఐదేళ్ళ కింద ఈ జబ్బు బయటపడింది. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్తే పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని నాన్నమ్మకి చెప్తున్నాడు. "అక్కా, ఆ ఇంగ్లీషు బిళ్ళలు ఎన్నాళ్ళు మింగిస్తావు? దూలగొండి గింజలు పాలల్లో ఉడకబెట్టి, పొట్టు తీసి, పొడి కొట్టి పెట్టు. మా బావ లేచి నడిచాడు." నాన్నమ్మ నా వంక తిరిగి, "ఏందిరా, కంప్యూటర్ చదువుతున్నావుగా, నువ్వు చెప్పు" అంది. కంప్యూటర్‌కీ దూలగొండికీ సంబంధం ఏంటో నాకు అర్థం కాలేదు గానీ, చదవటం మొదలుపెట్టా.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. 2004లో లండన్‌లో ఎనిమిది మంది మీద పరీక్ష చేశారు. 30 గ్రాముల దూలగొండి పొడి సుమారు 35 నిమిషాల్లో పనిచేయటం మొదలుపెట్టింది. మామూలు బిళ్ళకి 68 నిమిషాలు పట్టింది. పనిచేసిన సమయం కూడా 37 నిమిషాలు ఎక్కువ. 2017లో బొలీవియాలో 18 మంది మీద చేసిన పరీక్షలోనూ, ఒక్కొక్క డోసు చూస్తే, పొడి బిళ్ళకి తీసిపోలేదు. ఇంతవరకు చదివి ఆపేస్తే ఎవరైనా కంచె దగ్గరికే పరిగెత్తుతారు. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో ప్రశ్న అడిగింది: రోజూ వాడితే? మొత్తం 16 వారాల పరీక్ష, 14 మంది. అందులో ఏడుగురు పొడిని మధ్యలోనే మానేశారు. నలుగురు కడుపు బాధలతో, ముగ్గురు కదలిక ఇంకా క్షీణించటంతో. ఒక్క పూటకి పనిచేసిన మందు రోజువారీ మందుగా సగం మందికి నిలవలేదు.

ఎందుకని? నా దృష్టిలో ఈ జబ్బు మందుల కథంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో డోపమైన్ ఎప్పుడూ ఒక మోస్తరు మట్టంలో ఉంటుంది. బిళ్ళ అలా ఇవ్వదు. మింగిన గంటకి రక్తంలో శిఖరం, తర్వాత లోయ. కార్బిడోపా ఉన్నా గంటన్నరకి సగం అయిపోతుంది. జబ్బు మొదట్లో ఇది తెలియదు, ఎందుకంటే మిగిలిన కణాలు వచ్చిన లెవోడోపాని దాచుకుని, కొంచెం కొంచెంగా వదులుతాయి. మన భాషలో చెప్పాలంటే బఫర్. ఇన్‌పుట్ గుత్తులు గుత్తులుగా వచ్చినా, బఫర్ పెద్దదైతే అవుట్‌పుట్ సాఫీగా పోతుంది. కణాలు చచ్చేకొద్దీ బఫర్ చిన్నదవుతుంది. అప్పుడు రక్తంలో ఉన్న శిఖరాలూ లోయలూ అలాగే ఒంట్లో కనిపిస్తాయి. తొమ్మిదింటికి వాకిట్లో తిరిగిన మనిషి పదకొండున్నరకి కుర్చీలోంచి లేవలేడు. ఎక్కువైన గంటలో చేతులూ మెడా వాటంతట అవే మెలికలు తిరుగుతాయి. డాక్టర్లు వీటిని 'ఆన్', 'ఆఫ్' అంటారు. చూసేవాళ్ళు మాత్రం "ఇందాక బాగానే తిరిగాడుగా, నటిస్తన్నాడు" అంటారు. ఆ మాట నేను విన్నాను, జబ్బు కంటే అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు పొడి సంగతి చూడండి. గింజకీ గింజకీ మందు శాతం మారుతుంది, చెంచాకీ చెంచాకీ మారుతుంది, కార్బిడోపా లేదు. అంటే ఇన్‌పుట్ ఇంకా ఎగుడుదిగుడు. బిళ్ళతో పాటు పొడి కూడా ఇస్తే ఎంత డోసు పడిందో డాక్టరుకి తెలిసే దారి లేదు. బిళ్ళలు ఒక్కసారిగా మానేస్తే ఇంకా ప్రమాదం. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, తీవ్ర జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకో మాట కూడా ఊళ్ళో గట్టిగా ఉంది: "ఇప్పటినుంచే వాడితే మందు అరిగిపోద్ది, ముదిరాక పనిచెయ్యదు." దీన్ని నెదర్లాండ్స్‌లో 445 మంది మీద పరీక్షించి 2019లో ఫలితం చెప్పారు. సగం మందికి లెవోడోపా వెంటనే మొదలుపెట్టారు, సగం మందికి 40 వారాలు ఆలస్యంగా. చివర్లో చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. ముందే మొదలుపెట్టినందుకు జబ్బు నెమ్మదించలేదు, మందూ అరిగిపోలేదు. ఆలస్యం చేసినవాళ్ళు ఆ 40 వారాలు ఊరికే కష్టపడ్డట్టు. బిళ్ళ పనిచేసే సమయం కుదించుకుపోవటానికి ప్రధాన కారణం జబ్బు ముదరటం, అంటే ఆ బఫర్ తరుగుదల.

ఇలా చూస్తే కొత్త పరిశోధనల్లో సగం అర్థమైపోతాయి. అన్నీ ఆ లోయల్ని పూడ్చే ప్రయత్నాలే. దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ నిమ్స్‌ది. అక్కడి న్యూరాలజిస్ట్ రూపం బొర్గొహైన్ గారు మొదటి రచయితగా సఫినమైడ్ అనే మందు మీద పెద్ద పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. లెవోడోపా వాడుతూ ఆన్, ఆఫ్‌లతో ఇబ్బంది పడే 669 మంది, 24 వారాలు. మెదడులో డోపమైన్‌ని విరగ్గొట్టే ఎంజైముకి ఈ మందు అడ్డుపడుతుంది, కాబట్టి ఉన్నది ఇంకాసేపు ఉంటుంది. ఉత్తుత్తి బిళ్ళతో పోలిస్తే బాగుండే సమయం రోజుకి సుమారు అరగంట పెరిగింది. అరగంటేనా అనిపిస్తుంది. స్నానం చేసి, బట్టలు వేసుకుని, ఎవరి సాయం లేకుండా టీ తాగటానికి సరిపోయే అరగంట అది. 2017లో అమెరికాలో కూడా ఆమోదం వచ్చింది.

2024 అక్టోబర్‌లో అమెరికా ఆమోదించిన ఫాస్‌లెవోడోపా ఇంకా సూటిగా ఉంటుంది. నీళ్ళలో కరిగేలా మార్చిన లెవోడోపాని చిన్న పంపు 24 గంటలూ చర్మం కిందికి ఎక్కిస్తూనే ఉంటుంది. శిఖరమూ లేదు, లోయా లేదు.

కరెంటు దారి వేరు. మెదడు లోపల తీగ పెట్టి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టి, సెకనుకి నూటికి పైగా పల్సులు పంపటం ఫ్రాన్స్‌లో బెనబిద్ 1987లో మొదలుపెట్టాడు. నిమ్స్‌లోనూ చేస్తారు. ఖర్చు లక్షల్లో. ఇన్నాళ్ళూ అది ఓపెన్ లూప్, అవసరం ఉన్నా లేకపోయినా ఒకటే కరెంటు. డోపమైన్ తగ్గినప్పుడు మెదడులో 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య అలలు పెరుగుతాయి. ఆ అలల్ని అదే తీగతో విని కరెంటుని పెంచి తగ్గించే పరికరానికి 2025 ఫిబ్రవరిలో అమెరికాలో ఆమోదం వచ్చింది. కంట్రోల్ సిస్టమ్స్ ఎందుకు చదవాలని ఏడ్చే ఈసీఈ మిత్రులకి ఇది అంకితం.

మన బ్రాంచికీ వాటా ఉంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో, అనుకున్న బహుమతికీ వచ్చిన బహుమతికీ ఉన్న తేడాని ఎర్రర్ అంటాం కదా, డోపమైన్ కణాలు అచ్చం అలాంటి సంకేతమే పంపుతాయని 1997లో షుల్ట్జ్, దయాన్, మాంటేగ్ రాశారు. ఐఐటీ మద్రాస్‌లో వి. శ్రీనివాస చక్రవర్తి గారి బృందం ఇదే లెక్కతో బేసల్ గాంగ్లియాకి కంప్యూటర్ నమూనాలు కట్టి పార్కిన్సన్ కదలికల్ని అందులో పుట్టించి చూస్తోంది. తెలుగులో సైన్సు పుస్తకాలు రాసేవారిగా ఆయన పేరు మన క్లబ్బులో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ నమూనాలో డోపమైన్ సంకేతం ఎక్కువైతే 'కానియ్', తక్కువైతే 'ఆగు', మధ్యలో ఉంటే 'వెతుకు'. తాతయ్య రోజుని నేను ఆ మూడు మాటల్లోనే చూడటం మొదలుపెట్టా.

కణాల చావునే ఆపే మందు ఇంకా లేదు. షుగర్ మందు ఎక్సెనటైడ్ మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 194 మందితో 96 వారాలు చూస్తే ప్రయోజనం కనబడలేదని 2025లో తేలింది. ఎందుకు చస్తాయనే దానికి కూడా ఒకే జవాబు లేదు. పత్తి, మిరప పండించే మనలాంటి చోట మాత్రం ఒకటి చెప్పాలి. అమెరికా రైతుల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో పారాక్వాట్ వాడినవాళ్ళకి ఈ జబ్బు ముప్పు సుమారు రెండున్నర రెట్లు కనిపించింది. మనం గడ్డిమందు అనేది ఎక్కువగా దాన్నే.

పోయిన కణాల స్థానంలో కొత్తవి నాటే పని 2025 ఏప్రిల్‌లో పెద్ద వార్త అయింది. జపాన్‌లోని క్యోటోలో ఏడుగురికి, ఉత్తర అమెరికాలో 12 మందికి మూలకణాల నుంచి పెంచిన డోపమైన్ కణాలు మెదడులో పెట్టారు. అవి బతికి, డోపమైన్ చేస్తున్నట్టు స్కాన్‌లో కనిపించింది. అంటే బఫర్‌నే తిరిగి కట్టటం. కానీ ఇవి ముఖ్యంగా భద్రత కోసం చేసిన చిన్న పరీక్షలు, వీటిని చూసి ఇల్లు తాకట్టు పెట్టి ఏ క్లినిక్‌కీ పరిగెత్తొద్దు.

పంపూ బ్యాటరీ లేని ఇంట్లో లోయల్ని పూడ్చటానికి ఒక నోటుబుక్కు పనికొచ్చింది. బిళ్ళ వేసిన టైము, తిన్న టైము, లేవగలిగిన టైము, ఆగిపోయిన టైము: నాలుగు గడులు. రెండు వారాలు నాన్నమ్మ చెప్తే మా చెల్లి రాసింది. నేను గ్రాఫ్ గీశా. గుంటూరులో డాక్టరు గారు గింజల పొడి వద్దన్నారు. గ్రాఫ్ చూసి రోజంతటి మందుని అంతే ఉంచి, మూడుసార్లని ఐదుసార్లుగా విడగొట్టారు. ఆ విడగొట్టటం ఎవరికి వాళ్ళు ఇంట్లో చేసే పని కాదు. మధ్యాహ్నం బిళ్ళ ఎందుకు పనిచెయ్యట్లేదో కూడా గ్రాఫ్‌లోనే దొరికింది. పప్పన్నం తిన్న వెంటనే వేస్తున్నారు. పప్పులోని ప్రోటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోయి, లెవోడోపా వెళ్ళాల్సిన ఆ గేటు దగ్గరే క్యూ కడతాయి. ఇప్పుడు బిళ్ళ తిండికి అరగంట ముందు. ముద్దపప్పూ గుడ్డూ రాత్రికి మార్చింది నాన్నమ్మ. మధ్యాహ్నం పప్పు లేకుండా ముద్ద ఎలా దిగుద్దని తాతయ్య ఇంకా పోట్లాడుతూనే ఉన్నాడు.