సర్వరు పలుకనిచో అడుగవలసిన ప్రశ్న

గ్రామ పంచాయతీ తన వెబ్‌సైటు పనిని కాంట్రాక్టుకు ఇచ్చుట నేడు వింత కాదు. ఇంటిపన్ను బాకీదారులకు నోటీసు పంపుటకు, గ్రామసభ తేదీని తెలుపుటకు ఒక చిన్న స్క్రిప్టును వ్రాయించి సర్వరుపై నుంచుదురు. ఆ స్క్రిప్టు ఉత్తరమును తానే చేర్చజాలదు. మెయిలు సర్వరను వేరొక యంత్రమును పిలిచి దాని కప్పగింపవలెను. ఆ పిలుపు అందనినాడు నోటీసులు ఆగిపోవును. తమకు కబురే రాలేదని గ్రామస్థులందురు. సర్వరునే మార్చవలెనని, అందులకింత ఖర్చగునని కాంట్రాక్టరు చెప్పును. తీర్మానముపై చేవ్రాలు చేయుటకు ముందు సభ్యులు ఒక్కమాట అడుగవలెనని మా మనవి: వచ్చిన దోషపు సంఖ్య ఎంత?

రెండు యంత్రములు సంభాషించునపుడు ఇరువైపుల నుండు కొనలకు సాకెట్టులని పేరు. 1983లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయము వెలువరించిన యూనిక్స్ కూర్పుతో ఈ పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. యంత్రమునకొక చిరునామా యుండును. ఒకే యంత్రములో పలు సేవలు నడచును గనుక ఒక్కొక్క సేవకు పోర్టు అను సంఖ్య యుండును. ఇల్లు తెలిసిన చాలదు, ఏ గుమ్మము తట్టవలెనో కూడ తెలియవలెను గదా. వెబ్ పుటలకు 80, 443. మెయిలుకు 25, 587 వాడుకలో నున్నవి.

పి.హెచ్.పి. భాషలో వ్రాసిన స్క్రిప్టు ‘ఎఫ్‌సాక్‌ఓపెన్’ అను ఆదేశముతో గుమ్మము తట్టును. తలుపు తెరువబడనిచో ఆ ఆదేశము ఒక సంఖ్యను, ఒక వాక్యమును తిరిగి ఇచ్చును. లినక్సు సర్వరులపై 111 వచ్చినచో ‘నిరాకరింపబడినది’ అని అర్థము. యంత్రమున్నది, దారియు నున్నది, కాని ఆ గుమ్మమున పలుకువారు లేరు. అవతలి సేవ నిలిచిపోయి యుండును, లేదా స్క్రిప్టులో పోర్టు సంఖ్య తప్పుగా పడియుండును. ఒక్కొకప్పుడు ఫైర్‌వాలే ముఖముమీద కాదని చెప్పుటయు కలదు. ఏదైనను జవాబు వెంటనే వచ్చును.

110 సంగతి వేరు. అది ‘గడువు మీరినది’ అను జవాబు. ఎంత తట్టినను అవుననువారు లేరు, కాదనువారును లేరు. దారిలోని ఫైర్‌వాలు పిలుపును చప్పుడు లేకుండ పారవేయుచున్నపుడు సాధారణముగా ఇట్లు జరుగును. అవాంఛిత మెయిలును అరికట్టుటకై సర్వరులను అద్దెకిచ్చు పలు సంస్థలు 25వ పోర్టు ద్వారా బయటకు పోవు పిలుపులను మూసియుంచును. అట్టిచోట స్క్రిప్టును ఎన్నిమార్లు తిరుగవ్రాసినను ఫలితముండదు. 587వ పోర్టుకు మార్చి, పేరు, సంకేతపదము చూపి పంపిన పని జరుగును. కొందరు గడువును పెంచి ఊరకుందురు, పి.హెచ్.పి.లో గడువు మామూలుగా 60 సెకన్లు. పెంచినకొలది పుట తెరచినవాడు మరింతసేపు కాచుకొనుటయే తప్ప మూసిన దారి తెరచుకొనదు. అయిదారు సెకన్లకు తగ్గించుటయే మేలని మా అభిప్రాయము.

సభ్యులను ఎక్కువగా తికమకపెట్టునది 13, అనగా ‘అనుమతి లేదు’. సాంకేతికుడు సర్వరులోనికి ప్రవేశించి స్క్రిప్టును స్వయముగా నడిపిన చక్కగా నడచును. అదే స్క్రిప్టు వెబ్ పుటనుండి విఫలమగును. ఇరువురును నిజమే చెప్పుచుందురు, తగవు మాత్రము తెగదు. రెడ్ హ్యాట్ జాతి లినక్సులో ఎస్.ఇ.లినక్సు అను కావలి యున్నది. వెబ్ సర్వరు తనంతట బయటి యంత్రములను పిలువరాదని అది మొదటినుండియు అడ్డగించును. అందులకై ప్రత్యేకముగా నున్న అనుమతి నొకదానిని తెరచిన చాలును. కావలినే పూర్తిగా తొలగింతునను వానిని వారింపవలెను. అది దొంగకును దారి యిచ్చును.

సంఖ్య సున్న వచ్చుటయు కలదు. పిలుపు బయలుదేరక మునుపే చిక్కు వచ్చినదని దాని భావము. చాలవరకు యంత్రపు పేరులో అక్షరము తప్పియుండును, లేదా పేరును చిరునామాగా మార్చు డి.ఎన్.ఎస్. సేవ పలుకకుండును.

పరీక్షను ఆ సర్వరునుండియే చేయవలెను. కాంట్రాక్టరు ఇంటి కంప్యూటరునుండి మెయిలు సర్వరు పలికినదనుట సాక్ష్యము కాదు, ఆ దారి వేరు. ‘పింగ్’ చేసి చూచుటయు చాలదు. అది యంత్రమును పలుకరించునే గాని గుమ్మమును తట్టదు; పైగా అనేక సర్వరులు పింగునకు జవాబీయవు. ‘నెట్‌క్యాట్’ అను చిన్న పనిముట్టు కోరిన పోర్టునే తట్టి చూపును.

ఇక కొందరు స్క్రిప్టు వ్రాయువారు ఆదేశమునకు ముందు ‘యాట్’ గుర్తు నుంచి దోషవాక్యము తెరపై పడకుండ చేయుదురు. పుట శుభ్రముగా కనబడును, రోగము లోపలనే యుండును. ప్రజలకు కనబడు పుటపై సాంకేతిక వాక్యము లుండనక్కరలేదు, నిజమే. కాని లాగు పుస్తకములోనైన వ్రాయబడవలెను. ప్రతి వైఫల్యమునకు సమయము, పిలిచిన యంత్రపు పేరు, పోర్టు, దోషపు సంఖ్య నమోదు కావలెనని ఒప్పందపత్రములోనే చేర్చుట మంచిది. మెయిలు సంకేతపదము మాత్రము ఆ లాగులో పడకుండ చూచుకొనవలెను.