లైను లేని బావియొద్ద సౌరవిద్యుత్తు: అప్పుకు ముందు వేయవలసిన లెక్క

రఘునాథపల్లి చుట్టుపట్ల మన సభ్యులలో కొందరు ఊరు విడిచి, బావియొద్దనే ఇల్లు కట్టుకొని, బర్రెలను పెంచుకొనుచు కాపురముండుచున్నారు. అట్టివారికి మొదటి చిక్కు కరెంటు. స్తంభముల వరుస వారి చెలకదాక రాలేదు. దానిని రప్పించుటకు ఎన్ని స్తంభములు, ఎంత తీగె, ఎంత రుసుము అని విచారించి, గుండె జారి, సోలారు పెట్టుకొందుమని సంఘమునకు అప్పు కొరకు వచ్చుచున్నారు. వచ్చిన ప్రతివారి చేతిలోను అంగడివారిచ్చిన చీటి యొకటి యుండును. దానిపై "5 కిలోవాట్లు" అని వ్రాసి, క్రింద వెల వేసియుందురు. ఆ యైదు దేనికి చెందిన యైదో మాత్రము అందులో నుండదు. ఈ నెల పాఠము ఆ యైదును గూర్చినదే.

మన సభ్యుడొకరు ఇట్టి చీటిని నమ్మియే అప్పు తీసికొనిరి. ఇన్వర్టరు 5 కిలోవాట్లదే, అబద్ధము లేదు. కాని పలకలు 2 కిలోవాట్లకు మించవు. బ్యాటరీలు నాలుగే. వేసవిలో ఎట్లో గడచినది. రెండవ వానకాలము నాటికి బ్యాటరీలు చచ్చినవి. అప్పు మాత్రము బ్రతికియున్నది. ఆ దరఖాస్తును చూచి మంజూరు చేసినవారము మేమే గనుక, తప్పంతయు అంగడివారిదని చెప్పి ఊరకుండుట మాకు న్యాయము కాదు.

చెరువును తలచుకొనిన ఈ విషయము సులభముగా తెలియును. పలకలు చెరువులోనికి వచ్చు వాగు వంటివి. బ్యాటరీ చెరువు. ఇన్వర్టరు తూము. తూము ఎంత వెడల్పైనను, వాగు పారనిదే చెరువు నిండదు. చెరువు చిన్నదైనచో రాత్రి తూము తెరచి ప్రయోజనము లేదు. చీటిలోని 5 కిలోవాట్లు తూము కొలత మాత్రమే. కావున అంగడికి పోయినవారు మూడు ప్రశ్నలు అడుగవలెను: పలకలు ఎన్ని వాట్లు? బ్యాటరీలో ఎన్ని యూనిట్లు పట్టును? ఇన్వర్టరు ఒక్కసారిగా ఎంత మోయును?

అంగడికి పోకముందు మనమే ఇంటియొద్ద ఒక కాగితము వ్రాసికొనవలెను. వేయి వాట్ల యంత్రము ఒక గంట నడచిన ఒక యూనిట్ ఖర్చగునని అందరికిని తెలిసినదే. పది బర్రెలున్న ఇంటి లెక్క చూతము. 2 హార్సుపవరు చాఫ్ కట్టరు దినమున కొక గంట నడచిన సుమారు 2 యూనిట్లు. పాలు పితుకు యంత్రము ఉదయము గంట, సాయంకాలము గంట నడచిన మరి 2. పాలను నిలువయుంచు పెద్ద ఫ్రీజరు 4. ఇంటి ఫ్రిజ్ 1. 75 వాట్ల ఫంకాలు నాలుగు పదేసి గంటలు తిరిగిన 3. దీపములు, టీవీ, మిక్సీ కలిసి 1. మొత్తము 13 యూనిట్లు. బోరు మోటారును ఇందులో కలుపలేదు. దాని సంగతి వేరుగా చెప్పెదము.

ఈ కాగితము చేతికి వచ్చిన తోడనే పలకలు కొనరాదు. మొదట ఖర్చును తగ్గింపవలెను. పాత ఫంకాలకు బదులు 30 వాట్ల కొత్తరకము ఫంకాలు బిగించిన 3 యూనిట్లు 1.2 అగును. అప్పుడు దినమునకు 11 యూనిట్ల చిల్లర. ఫంకాల వెల మిగిలిన పలకల, బ్యాటరీల వెలకంటె తక్కువయే.

ఇక రాత్రి భాగమును వేరుచేయవలెను. బర్రెలు సూర్యుని గడియారమును చూచి పాలిచ్చునవి కావు. తెల్లవారకముందొకసారి, ప్రొద్దు వాలిన పిమ్మట నొకసారి పితుకవలసినదే. కావున ఆ 2 యూనిట్లును బ్యాటరీనుండి రావలెను. ఫ్రీజరులో సగముకంటె ఎక్కువ, ఫ్రిజ్, ఫంకాలు, దీపములు కలుపగా రాత్రి ఖర్చు సుమారు 7 యూనిట్లు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీలో 1.8 యూనిట్లు పట్టును. కాని దానిని సగముకంటె ఎక్కువ ఖాళీ చేసినచో దాని ఆయుస్సు తరిగిపోవును. సగములో ఇన్వర్టరు తినునది పోగా మనకు మిగులునది 0.8 మాత్రమే. ఏడు యూనిట్లకు తొమ్మిది బ్యాటరీలు కావలెను. 48 వోల్టుల ఏర్పాటులో నాలుగేసి కలుపవలెను గనుక పండ్రెండు కొనక తప్పదు. లిథియం బ్యాటరీని ఎక్కువ లోతుదాక వాడవచ్చును. దానిలో 10 యూనిట్లు పట్టునది సరిపోవును. వెల హెచ్చు, ఆయుస్సును హెచ్చు.

ఈ లెక్కలో అందరికంటె ఎక్కువ తినుచున్నది ఫ్రీజరు. సాయంకాలపు పాలను ఊరిలోని పాలకేంద్రమునకు అప్పుడే పోసినచో ఆ ఫ్రీజరే అక్కరలేదు. దినపు ఖర్చు 7 యూనిట్లకును, రాత్రి ఖర్చు 4.4 కును దిగును; పండ్రెండు బ్యాటరీల స్థానమున ఎనిమిది చాలును. ప్రతి బావియొద్దను ఒక శీతలయంత్రము నుంచుటకంటె, లైను ఉన్న ఊరిలో పదిమందికి ఒకటి యుంచుట ఎంత చౌకయో సభ్యులే చూడవచ్చును.

పలకల సంఖ్యను మే నెల ఎండను చూచి నిర్ణయింపరాదు. మన ప్రాంతమున ఏడాది సగటున దినమునకు సుమారు 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరకును. మబ్బుపట్టిన ఆషాఢ శ్రావణములలో 4 గంటలని మాత్రమే పట్టుకొనవలెను. దుమ్ము, వేడి, తీగెలు, బ్యాటరీ కలిసి నూటికి ముప్పది వంతులు మ్రింగును. పలక వేడెక్కినకొలది దాని శక్తి తగ్గునన్న సంగతి చాలమందికి తెలియదు. మండుటెండలో నూటికి పదునైదు వంతులదాక పోవుట కలదు. కావున ఒక కిలోవాటు పలకలనుండి వానకాలమున 2.8 యూనిట్లే వచ్చునని లెక్కింపవలెను. 11 యూనిట్లకు 4 కిలోవాట్లు, అనగా 550 వాట్ల పలకలు ఎనిమిది కావలెను. ఫ్రీజరు లేనిచో ఐదు చాలును. పైన చెప్పిన మన సభ్యునికి 2 కిలోవాట్ల పలకలనుండి వానకాలమున వచ్చినది దినమునకు 5.6 యూనిట్లు, ఆయన ఖర్చు 11. బ్యాటరీలు ఏల చచ్చినవో వేరుగా చెప్పనక్కరలేదు.

మూడు దినములు సూర్యుడు కనబడకున్నను నడువవలెనని కొందరు కోరుదురు. అందుకు తగిన బ్యాటరీలు కొనుట ఇల్లు అమ్ముకొనుట వంటిది. అట్టి దినములకు చిన్న జనరేటరును అద్దెకు తెచ్చుకొనుటయే మేలు.

ఇప్పుడు బోరు సంగతి. 5 హార్సుపవరు మోటారు దినమునకు ఐదు గంటలు నడచిన సుమారు 24 యూనిట్లు ఖర్చగును. దీనిని బ్యాటరీలతో నడుపదలచినచో ముప్పది బ్యాటరీలు కావలెను! కావున బోరును ఎన్నడును బ్యాటరీకి కలుపరాదు. దానికి వేరుగా 4,800 వాట్ల పలకలు, ఎండనుబట్టి మోటారు వేగమును మార్చు కంట్రోలరు ఉండవలెను. నిలువయుంచవలసినది కరెంటు కాదు, నీరు. 60 మీటర్ల లోతునుండి ఒక యూనిట్ సుమారు 2,700 లీటర్ల నీటిని తెచ్చును. ఒక బ్యాటరీ చేయు పనిని 2,200 లీటర్ల సిమెంటు తొట్టి చేయును. తొట్టిని నాలుగేండ్లకు మార్చనక్కరలేదు. మన రాతినేల బోర్లు ఒక గంటలో ఎండి, మరల ఊరుటకు సమయము పట్టునవి. అట్టి బోరునకు పెద్ద మోటారు కంటె, ఉదయమునుండి సాయంకాలముదాక మెల్లగా తోడు చిన్న మోటారే తగినది. మొదట బోరు ఎంత ఊరునో కొలిపించి, పిమ్మట హార్సుపవరు మాట అడుగుడు.

నీరు తోడని నెలలలో ఆ పలకలు ఊరక ఎండుచుండును. చాఫ్ కట్టరు, పిండిమర వంటివానిని కూడ అదే పలకలతో నడుపగల కంట్రోలర్లు కలవు. పగటివేళ చాఫ్ కట్టరును దానికి తగిలించినచో ఇన్వర్టరు భారము తగ్గును. ఇది చిన్న మాట కాదు. మోటారు మొదలగునప్పుడు ఒక క్షణముపాటు తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగును. 2 హార్సుపవరు చాఫ్ కట్టరు, ఫ్రీజరు ఒక్కసారిగా మొదలైనచో 3 కిలోవాట్ల ఇన్వర్టరు మూగపోవును.

లెక్క లేక పెట్టిన సోలారు ఒక ఇంటినే కాదు, ఊరినే మోసగింపగలదు. బీహారు రాష్ట్రమున ధర్నై అను గ్రామమున 2014లో 100 కిలోవాట్ల సౌరవిద్యుత్కేంద్రము నెలకొల్పి 450 ఇండ్లకు కరెంటు ఇచ్చిరి. జనులు ఫ్రిజ్‌ల వంటి పెద్ద వస్తువులను తగిలించిరి, బ్యాటరీలు ఓపలేకపోయినవి. ఇంతలో చౌకయైన లైను కరెంటు వచ్చెను. కొన్నియేండ్లకు ఆ కేంద్రము పశువులశాల యైనది.

అందుచేత ఒక మాట స్పష్టముగా చెప్పుచున్నాము. బావిదాక లైను వచ్చియున్నవారు బోరు కొరకు సోలారు అప్పు అడుగవద్దు. వ్యవసాయమునకు ఉచితముగా 24 గంటల కరెంటు ఇచ్చుటను తెలంగాణ ప్రభుత్వము 2018 జనవరి 1 నుండి ప్రారంభించినది. ఉచితమైనదానిని విడిచి వడ్డీ కట్టుట ఎందుకు? లైను రానివారు మాత్రము ఏదైన సహాయధనము దొరకునేమో విచారించి, పిమ్మట సంఘమునకు రండు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీఎం కుసుమ్ పథకములో 7.5 హార్సుపవరు వరకు సోలారు పంపులకు సహాయధనము ఏర్పరచిరి.

పలకలను దక్షిణముఖముగా, దాదాపు 18 డిగ్రీల వాలున, చెట్టునీడ పడనిచోట బిగింపవలెను. ఒక పలకపై వేపకొమ్మ నీడ పడినను ఆ వరుసంతయు నీరసించును. బ్యాటరీనుండి ఇన్వర్టరునకు పోవు తీగె పొట్టిగాను లావుగాను ఉండవలెను. ఎర్తింగు, పిడుగునుండి రక్షణ తప్పక ఉండవలెను. వారమున కొకసారి తెల్లవారుజామున, పలకలు చల్లగా నున్నప్పుడు నీటితో కడుగవలెను. మండుటెండలో చన్నీళ్లు చల్లిన అద్దము పగులవచ్చును. కోతుల బాధకు మాత్రము మాయొద్ద మందు లేదు. ముండ్లకంప కట్టినవారు కొంత నయమనుచున్నారు.

రాబోవు నెలనుండి సోలారు అప్పు దరఖాస్తుతోపాటు పగటి ఖర్చు, రాత్రి ఖర్చు వేర్వేరుగా వ్రాసిన కాగితమును తేవలెను. వ్రాయరానివారికి మంగళవారములందు కార్యాలయముననే మేము కూర్చుండి వ్రాసిపెట్టెదము. అంగడివారి చీటిని ఆ కాగితము ప్రక్కన పెట్టి చూచిన పిమ్మటనే సంతకము చేసెదము.