దొడ్డిలో కుక్కపిల్ల, ఇంట్లో పిల్లి

మన దేశంలో వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం తరువాత జతకడతాయి. వాటి గర్భకాలం సుమారు 63 రోజులు. అందుకే చలికాలం వచ్చేసరికి కోయిలకుంట్ల సందుల్లో, గడ్డివాముల చాటున కుక్కపిల్లలు కుయ్ కుయ్‌మంటూ కనిపిస్తాయి. వాటిలో ఎన్ని బతికి పెద్దవవుతాయో మీకు తెలుసా? అనిందితా భద్ర అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు పశ్చిమ బెంగాల్‌లో 364 వీధికుక్క పిల్లలను గమనించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడు నెలల వయసు దాకా బతికినవి నూటికి 19 మాత్రమే!

హైదరాబాదులో 1992లో ఏర్పడిన బ్లూక్రాస్ వంటి సంస్థలు దిక్కులేని జంతువులకు ఆశ్రయమిస్తాయి. అటువంటివి లేని ఊళ్లలో, పెంచుకునేవారు దొరికేదాకా మన ఇల్లే ఆశ్రయం. అయితే తల్లి ఉన్న పిల్లను తీసుకురాకూడదు. ఎనిమిది వారాలు నిండేదాకా దానికి తల్లి కావాలి, తోబుట్టువులతో ఆట కావాలి. తల్లి లేని పిల్ల అయితేనే, పెద్దల అనుమతితో తెచ్చుకోవచ్చు.

సరే, తెచ్చారనుకుందాం. ఇంట్లో ఇదివరకే పిల్లి ఉంది, కుక్క ఉంది, దొడ్లో కోళ్లున్నాయి. కొత్త పిల్లను నేరుగా వాటి మధ్య వదలవచ్చా? వదలకూడదు. ఎందుకో చూద్దాం.

మొదటి కారణం రోగం. పార్వో అనే వైరస్ ప్రపంచానికి తెలిసింది 1978లో. ఇది సోకిన కుక్కపిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు అవుతాయి. వైద్యం అందకపోతే చాలావరకు ప్రాణం పోతుంది. వైరస్ ఒంట్లో చేరిన రోజే లక్షణాలు బయటపడవు. సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అందుకే కొత్త పిల్లను 14 రోజులు వేరే గదిలోనో, వసారాలో ఒక మూల అడ్డుకట్టిన చోటనో ఉంచాలి. దాని గిన్నె వేరు, గోనెపట్ట వేరు. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మొదటి రోజునే పశువైద్యశాలలో చూపించి, నులిపురుగుల మందు, టీకాల సంగతి అడగాలి. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు. మన పాత కుక్కకు, పిల్లికి టీకాలు వేయించి ఉన్నారో లేదో కూడా చూసుకోండి.

రెండవ కారణం వాసన. మనం మనిషిని ముఖం చూసి గుర్తుపడతాం. కుక్కకు వాసనే ముఖం. దాని ముక్కులో వాసన పట్టే కణాలు 20 కోట్ల దాకా ఉంటాయని అంచనా. పిల్లి తన బుగ్గలను తలుపుకు రాయడం మీరు చూసే ఉంటారు. అక్కడి గ్రంథుల నుంచి వచ్చే వాసనతో ‘ఇది నా ఇల్లు’ అని గుర్తు పెడుతుందన్నమాట. పిల్ల ఆరోగ్యంగా ఉందని తేలాక, అది పడుకున్న గుడ్డను పిల్లి తిరిగే చోట, పిల్లి పడుకున్న గుడ్డను దాని దగ్గర వేయండి. కంటబడక ముందే ఒకదాని వాసన ఒకదానికి అలవాటవుతుంది.

మూడవ కారణం భాష. కుక్క తోక ఊపితే చాలాసార్లు స్నేహమే. పిల్లి తోక విదిలిస్తే చిరాకు. కుక్కపిల్ల ఆడుకుందామని దూకితే, పిల్లికది దాడిలా తోస్తుంది. కనుక మొదట తడిక చాటు నుంచి చూడనివ్వండి. తరువాత కుక్కపిల్లకు తాడు కట్టి, రోజూ ఐదు నిమిషాలు ఒకచోట ఉంచండి. పిల్లి ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన చోటు, పారిపోవడానికి దారి ఉండాలి. తిండి మాత్రం దూరదూరంగా పెట్టాలి. పాత కుక్కకే ముందు పెట్టండి. కోళ్ల దగ్గర కుక్కపిల్లను ఒంటరిగా వదలవద్దు.

ఇంత ఓపిక ఎందుకంటారా? 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని కుక్కపిల్లలను 14 వారాల వయసు దాకా మనుషులతో కలవకుండా పెంచారు. ఆ తరువాత వాటికి మనిషిని చేరదీయడం దాదాపు సాధ్యం కాలేదు. మూడు వారాల నుంచి సుమారు 12 వారాల దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. కాబట్టి వేరుగా ఉంచిన ఆ 14 రోజులూ దాన్ని ఒంటరిగా వదలక, మీరు వెళ్లి ఆడించాలి. కోడికూత, పిల్లి అరుపు, రోలు చప్పుడు దాని చెవిన పడనివ్వాలి.

ఒక్క హెచ్చరిక. రేబిస్ చిన్నపిల్లలో కూడా ఉండవచ్చు. ఆటలో పన్ను గీసినా సరే, ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తిడతారని ఇంట్లో దాచకండి. లక్షణాలు కనిపించాక ఆ జబ్బుకు వైద్యం లేనట్టే. ముందుగా వేయించుకున్న టీకాయే కాపాడుతుంది.

ఒక నోటుపుస్తకం పెట్టుకొని, పిల్లి, కుక్కపిల్ల ఏ రోజు ఎంత దూరంలో ప్రశాంతంగా ఉన్నాయో అడుగుల్లో రాయండి. ఆ అంకెలు రోజురోజుకూ తగ్గుతున్నాయేమో చూడండి. పెంచుకునేవారు దొరికి దాన్ని పంపే రోజున, అది పడుకున్న గోనెపట్టను ఉతకకుండా తోడివ్వండి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.